చైనా లిపిలో ‘లీ’: అడవి పిల్లా, నక్కా, మరొకటా?

మీ ప్రశ్నను క్లుప్తంగా మళ్లీ చెప్తాను, తర్వాత చదివేవారికి పనికొస్తుంది. మీరు సొంతంగా చైనా భాష నేర్చుకుంటున్నారు. ‘లీ’ (狸) అనే అక్షరానికి పాఠ్యపుస్తకం అడవి పిల్లి అంటోంది. ఫోనులోని నిఘంటువు నక్క అని చూపిస్తోంది. జపాన్ భాష తెలిసిన మిత్రుడు ఆ రెండూ తప్పు, అది తనుకి అనే జంతువు అన్నారు. ఆ అక్షరంలో కుడి సగం ‘ఊరు’ కాబట్టి ‘ఊళ్లోకి వచ్చే మృగం’ అని అర్థమని మరోచోట చదివారు. ఇందులో ఏది నమ్మాలి?

సూటిగా చెప్పాలంటే, పాత చైనా భాషలో లీ అంటే ఒంటి మీద మచ్చలున్న చిన్న అడవి పిల్లి. చాలా సందర్భాల్లో అది మనం చిరుత పిల్లి అని పిలిచే జంతువే. నక్క అన్న అర్థం ‘హూ’ అనే మరో అక్షరంతో జతకట్టి ‘హూలీ’ అయ్యాక వచ్చింది. తనుకి అన్నది జపాన్‌కు మాత్రమే చెల్లుతుంది. కుడివైపు ఊరు కేవలం ఉచ్చారణ చెప్పడానికి ఉంది. ‘ఊరి మృగం’ అన్న వివరణ చాలా శతాబ్దాల తర్వాత పండితులు అల్లినది. అందంగా ఉంది, అంతే.

చైనా, జపాన్ భాషల నుంచి అనువాదాలు చేయడం నా వృత్తి. ఈ అక్షరం ఎదురైతే నిఘంటువు తెరవక ముందే రెండు విషయాలు చూసుకుంటాను: రాసింది ఏ కాలంలో, ఏ దేశంలో. అవి తేలితే సగం పని అయిపోయినట్టే. ఇక కారణాలు చెప్తాను.

అక్షరం కట్టుబడి

మీరు నేర్చుకున్న రూపంలో 10 గీతలు ఉంటాయి. ఎడమవైపు 3 గీతల కుక్క గుర్తు, కుడివైపు 7 గీతల ‘లీ’, అంటే ఊరు. ఇది తర్వాతి రూపం. పాత రూపంలో ఎడమవైపు కుక్క గుర్తు ఉండదు, ‘జీ’ అనే వేరే గుర్తు ఉంటుంది. దానికీ 7 గీతలు, మొత్తం 14. క్రీ.శ. 100 ప్రాంతంలో షూ షెన్ కూర్చిన షువోవెన్ నిఘంటువు ఆ జీ గుర్తును వర్ణించిన తీరు నాకు చాలా ఇష్టం: పొడవాటి వెన్ను గల మృగం, అడుగులో అడుగు వేస్తూ, చంపడానికి అదను చూస్తున్న రూపం. వేటకు పొంచిన పిల్లిని చూసిన వాళ్లెవరికైనా ఆ మాటలు చాలు. చిరుతపులి, మార్టెన్, రేచు కుక్క, పాత రూపంలో ‘మావ్’ అనే పిల్లి, ఇవన్నీ ఈ గుర్తు కింద చేరినవే.

అదే నిఘంటువులో మన లీ గురించి ఉన్నది రెండు చిన్న వాక్యాలే. పొంచి ఉండే మృగం, ‘చూ’ అనే జంతువును పోలి ఉంటుంది. ‘జీ’ నుంచి అర్థం, ‘లీ’ నుంచి ధ్వని. చైనా అక్షరాల్లో అత్యధిక భాగం ఇలా ఒక పక్క అర్థానికి, ఇంకో పక్క శబ్దానికి పెట్టి కట్టినవే. కార్ప్ చేప పేరులోనూ ఇదే ఊరు గుర్తు కుడివైపు ఉంది. ఆ చేప ఊళ్లో తిరుగుతుందని ఎవరూ అనరు కదా!

మరి ‘ఊరి మృగం’ ఎక్కడిది? సోంగ్ రాజ్యకాలపు పండితుడు లూ దియన్ (1042–1102) తన పియా గ్రంథంలో, ఊళ్లలో ఉండే మృగం కాబట్టి ఊరు గుర్తు వచ్చిందనీ, బొరియల్లో దాగి పడుకుంటుందనీ రాశాడు. 16వ శతాబ్దంలో లీ షిజెన్ తన ఔషధ మహాగ్రంథంలో దాన్ని ఎత్తి రాశాడు. అక్కడి నుంచి అది వ్యాపించింది. గుర్తుపెట్టుకోవడానికి వాడుకోండి, తప్పు లేదు. పుట్టుక అని మాత్రం ఎవరికీ చెప్పకండి.

ఎడమవైపు కుక్క గుర్తు ఎందుకొచ్చిందని మీరు అడగకపోయినా చెప్తాను, ఎందుకంటే ‘అయితే ఇది కుక్క జాతి జంతువా’ అన్న అనుమానం అందరికీ వస్తుంది. సింహం, కోతి, పంది అక్షరాల్లోనూ నేటి చైనాలో కుక్క గుర్తే ఉంది. నాలుగు కాళ్ల జంతువు అని చెప్పడం తప్ప ఆ గుర్తుకు వేరే పట్టింపు లేదు. రాయడానికి తేలిక కాబట్టి జీ గుర్తు స్థానంలో అది చేరింది. 1955లో చైనా ప్రభుత్వం ప్రత్యామ్నాయ రూపాలను ఏరివేసినప్పుడు 10 గీతల రూపాన్నే ఉంచింది. తైవాన్‌లో ఇప్పటికీ మావ్ (పిల్లి) అక్షరాన్ని జీ గుర్తుతోనే రాస్తారు.

అసలు చిక్కు శబ్దంలో ఉంది

దీన్ని చాలామంది దాటేస్తారు, నాకైతే ఇదే అన్నిటికంటే రుచికరమైన భాగం. పాతిపెట్టడం అనే అర్థం గల ‘మాయ్’ అనే అక్షరం ఉంది. ఇప్పుడు దాన్ని మట్టి గుర్తు పక్కన ఊరు పెట్టి రాస్తున్నారు. పాత రూపంలో పైన గడ్డి గుర్తు, కింద మన అడవి పిల్లి అక్షరం మొత్తం ఉండేది. జౌ రాజ్యపు కర్మకాండల గ్రంథంలో కొండలకు, అడవులకు, నదులకు బలిని పాతిపెట్టీ ముంచీ అర్పించాలన్న చోట, ‘పాతిపెట్టడం’ అనే మాటకు గడ్డి గుర్తు కూడా లేకుండా ఉత్త అడవి పిల్లి అక్షరమే రాశారు. తెలియక చదివితే పిల్లిని నదిలో ముంచుతున్నారనుకుంటాం.

పొగమంచూ ధూళీ కలిసిన గాలికి ‘మాయ్’ అనే ఇంకో అక్షరం ఉంది. పైన వాన, కింద అడవి పిల్లి. షాంగ్ రాజ్యకాలపు (క్రీ.పూ. రెండో సహస్రాబ్ది) ఎముకల మీది రాతల్లోనే వాన కింద ఒక జంతువు బొమ్మతో ఈ అక్షరం కనిపిస్తుంది. నేటి చైనాలో నగరాల కాలుష్యపు పొగకు వాడే ‘వూమాయ్’ అన్న మాటలో రెండో సగం ఇదే. బీజింగ్ వాతావరణ వార్తల్లో పొగ హెచ్చరిక వచ్చిన ప్రతిసారీ తెర మీద ఒక అడవి పిల్లి కూర్చుని ఉంటుంది, పాత రూపంలో, 14 గీతలతో సహా. పిల్లి అక్షరం సరళమైపోయినా ఈ అక్షరంలో మాత్రం అది అలాగే మిగిలింది.

మరి ‘లీ’ అన్న శబ్దం ‘మాయ్’కి ఎలా పనికొచ్చింది? ప్రాచీన చైనా ఉచ్చారణను పునర్నిర్మించే పండితులు ఈ మాట మొదట్లో ఒకప్పుడు పెదవులతో పలికే హల్లు, దాని వెంట రేఫ ఉండేవని అంటారు. ‘మాయ్’లోని మకారం ఆ పెదవి హల్లు జాతిదే, ‘లీ’లోని లకారం ఆ రేఫ మారిన రూపం. ఆధారాలు పాత పుస్తకాల్లోనే ఉన్నాయి. హాన్ రాజ్యకాలపు (క్రీ.పూ. 206–క్రీ.శ. 220) పండితుడు యాంగ్ షియోంగ్ ప్రాంతాల వారీగా మాటలు సేకరిస్తూ ఈ జంతువును చెన్, చూ ప్రాంతాల్లో ‘లాయ్’ అంటారనీ, ఈశాన్యాన యాన్, కొరియా వైపు ‘పీ’ అంటారనీ, హాంగూ కనుమకు పడమటివైపు ‘లీ’ అంటారనీ నమోదు చేశాడు. తర్వాత గువో పూ (276–324) దానికి వ్యాఖ్య రాస్తూ దక్షిణాన ‘పీలీ’ అంటున్నారని చేర్చాడు. జెంగ్ షువాన్ (127–200) అనే వ్యాఖ్యాత మరీ చమత్కారి. ‘లీ తల’ అనే పాత పాట పేరుకు అర్థం చెబుతూ, లీ అంటే ‘బూ లాయ్’, రానివాడు అన్నాడు. కొలువుకు రాని సామంతుల గురించిన పాట అని ఆయన భావం. శ్లేష సంగతి పక్కన పెడితే పీలీ, బూలాయ్, రెండింటిలోనూ పెదవి హల్లు ముందు, లకారం వెనుక. ఒకే పాత మాట ముక్కలై ఒకచోట తలా, ఒకచోట తోకా మిగిలినట్టుంది.

ఏ జంతువు, ఎలా తెలుసు?

ప్రాచీన తత్వవేత్త జువాంగ్‌జీ గ్రంథం మొదటి అధ్యాయంలోనే ఈ జంతువు కనిపిస్తుంది. ఒళ్లు దగ్గర పెట్టుకుని నేలకు కరుచుకుపోయి అటుగా వచ్చే ప్రాణి కోసం కాచుకుంటుంది. ఎత్తుపల్లాలు చూడకుండా అటూ ఇటూ గెంతుతుంది. చివరికి ఉచ్చులో పడి చస్తుంది. అదే గ్రంథంలో మరోచోట, రోజుకు వెయ్యి లీలు పరుగెత్తే మేలు జాతి గుర్రాలు కూడా ఎలుకలు పట్టడంలో దీనికి సాటిరావు అంటాడు. (ఆ దూరపు కొలత ‘లీ’ మన కుడివైపు ఊరు అక్షరమే. ఒకే వాక్యంలో రెండు లీలు.) హాన్ ఫెయ్ అనే రాజనీతి తత్వవేత్త మరీ పొదుపరి: కోడిని రాత్రికి కాపలా పెట్టు, లీని ఎలుకలు పట్టమను, ఎవరి నేర్పు వారిది. క్రీ.పూ. మూడో శతాబ్దపు మాట ఇది.

ఇక్కడ చాలామంది అనువాదకులు ‘పిల్లి’ అని రాసేసి ముందుకు సాగుతారు. ఎలుకలు పట్టేది ఇంటి పిల్లే కదా అన్న ధీమా. తవ్వకాలు ఇంకో కథ చెప్తున్నాయి. షాన్షీ రాష్ట్రంలోని చువాన్‌హూ గ్రామం దగ్గర 5,000 ఏళ్లు దాటిన రైతుల ఆవాసంలో పిల్లి ఎముకలు దొరికాయి. 2013 చివర్లో ఆ వార్త వచ్చినప్పుడు చైనాలో తొలి పెంపుడు పిల్లి అన్నారు. తర్వాత దవడ ఎముకల ఆకారాన్ని జాగ్రత్తగా కొలిస్తే అది చిరుత పిల్లి అని తేలింది. పురాతన డీఎన్ఏ పరిశీలనలు కూడా అదే దారిలో ఉన్నాయి: హాన్ కాలం ముగిసేదాకా చైనా పల్లెల్లో మనుషుల మధ్య తిరిగింది చిరుత పిల్లే, మనం ఎరిగిన ఇంటి పిల్లి టాంగ్ రాజ్యకాలంలో (618–907) వర్తక మార్గం వెంట పడమటి నుంచి వచ్చింది. అంటే హాన్ ఫెయ్ చెప్పిన ఎలుకల వేటగాడు ధాన్యం చుట్టూ తిరిగిన ఈ మచ్చల జంతువే అయి ఉండాలి.

చూడాలనిపిస్తే చాంగ్షా నగరం దగ్గర మావాంగ్‌దుయ్ సమాధుల లక్క పళ్లేల బొమ్మలు వెతకండి. 1972లో ఒకటో సమాధిని తవ్వారు, అది క్రీ.పూ. రెండో శతాబ్దపు ఒక సామంతుడి భార్యది. పళ్లెం మీద గుండ్రటి కళ్లు, నిక్కబొడుచుకున్న చెవులు, పొడవైన తోక ఉన్న పిల్లి బొమ్మలు. పక్కనే ‘భోంచేయండి ప్రభూ’ అని అర్థమిచ్చే మూడక్షరాలు. చైనా పుస్తకాలు ఆ బొమ్మలను లీ పిల్లులనే పిలుస్తాయి.

మావ్ సంగతి ఒక్క మాట. ఇప్పుడు ఇంటి పిల్లికి వాడే మావ్ కూడా మొదట్లో అడవి జంతువే. ప్రాచీన గీతాల సంకలనంలో అది ఎలుగుబంట్ల సరసన, పులి సరసన కనిపిస్తుంది. తర్వాత మావ్ ఇంట్లోకి వచ్చింది, లీ బయట ఉండిపోయింది. పూర్తిగా కాదు. సోంగ్ కవులు ఇంటి పిల్లిని ముద్దుగా ‘లీనూ’ అన్నారు, లీ దాసి అని అర్థం. లూ యూ అనే కవి ఉప్పు మూట కట్టి ఇచ్చి చిన్న లీనూను తెచ్చుకున్నాననీ, అది కొండ ఇంట్లోని పదివేల పుస్తకాలను కాపాడిందనీ రాశాడు. పిల్లను తెచ్చుకునేటప్పుడు ఉప్పు ఇవ్వడం అప్పటి ఆచారం. నేటికీ చారల పిల్లిని లీహువా మావ్ అంటారు. రాణి ప్రసవించిన బిడ్డను దాచేసి తోలు ఒలిచిన లీ పిల్లిని పక్కలో పెట్టారనే ప్రసిద్ధ కథ ఉంది. రెన్‌జోంగ్ చక్రవర్తి (పాలన 1022–1063) పుట్టుక చుట్టూ అల్లిన కల్పన. ఆ కథ దొరికితే అక్కడ ‘అడవి పిల్లి’ అనే రాయండి, నక్క అంటే కథ చెడిపోతుంది.

నక్క ఎలా అయింది?

పాత గీతాల్లో ‘ఆ హూలను, లీలను పట్టి రాకుమారులకు బొచ్చు తోలు అంగీలు కుట్టండి’ అన్న పంక్తి ఉంది. అక్కడ హూ నక్క, లీ అడవి పిల్లి, రెండూ వేర్వేరు తోళ్లు. ఎప్పుడూ పక్కపక్కన వచ్చేసరికి రెండూ కలిసి ఒకే మాట అయ్యాయి, మొదటి దాని అర్థం నిలిచింది. మన ‘పురుగూపుట్రా’లో పుట్ర ఏమిటని అడిగితే ఎవరూ చెప్పలేరు, ఇదీ అంతే. ఇప్పుడు హూలీ పలికేటప్పుడు లీకి స్వరం కూడా ఉండదు, నీరసంగా జారిపోతుంది. మీ ఫోను నిఘంటువు ఆ జంట మాట అర్థాన్ని ఒంటి అక్షరానికి అంటగట్టింది.

మధ్యలో తేల్చలేని చోట్లు ఉంటాయి. క్రీ.శ. 142లో జాంగ్ గాంగ్ అనే అధికారిని అవినీతిపరులను పట్టమని జిల్లాలకు పంపితే, రాజధాని పొలిమేరలోనే రథచక్రాలను నేలలో పాతేసి, ‘రేచు కుక్కలూ తోడేళ్లూ దారి కాచి కూర్చుంటే హూలీల సంగతి ఎందుకు’ అన్నాడు. వెంటనే సర్వాధికారి లియాంగ్ జీ మీద అభియోగం రాసి పంపాడు. ఇక్కడ హూలీ నక్కా, నక్కలూ అడవి పిల్లులూనా? నేనైతే ‘నక్కలూ పిల్లులూ’ అంటాను. చిల్లర దొంగలు అన్న భావం జంట మాటలోనే బాగా పలుకుతుంది.

పునుగు పిల్లి దగ్గర మనకు సులువు

లీ షిజెన్ 1578లో పూర్తి చేసిన గ్రంథంలో లీలను వరుసగా చెప్తాడు. గుండ్రటి తల, పెద్ద తోక ఉండి కోళ్లను దొంగిలించేది పిల్లి లీ. మొన తేలిన తల ఉండి పురుగులూ పళ్లూ తినేది పులి లీ. తోక మీద తెలుపు నలుపు పట్టీలున్నది తొమ్మిది కణుపుల లీ. కస్తూరి వాసన వేసేది పరిమళ లీ. తెల్ల మొహానిది ఎద్దు తోక లీ. వీటిలో ఎక్కువ భాగం పిల్లులు కానే కావు, పునుగు పిల్లి కుటుంబానివి. ఇంగ్లీషు చదువరులు ఇక్కడ తికమక పడతారు. తెలుగువారికి ఆ బాధ లేదు. మనమూ వాటిని పునుగు పిల్లి, మానుపిల్లి అనే అంటున్నాం. తిరుమలలో శుక్రవారం అభిషేకం తర్వాత స్వామికి పూసే పునుగు తైలం ఇచ్చేది ఆ పరిమళ లీ బంధువే.

2003లో సార్స్ వ్యాధి వార్తల్లో మోగిన ‘గువోజీలీ’, అంటే పళ్ల లీ, ఈ కుటుంబానిదే. అనువాదాలు సరిదిద్దే పనిలో దాన్ని ‘పండ్ల నక్క’ అని రాసిన ప్రతులు నా చేతికి వచ్చాయి. గ్వాంగ్‌డోంగ్ సంతల్లో అమ్మిన ఆ జంతువు ముసుగు వేసుకున్నట్టు మొహం ఉండే మానుపిల్లి. నక్క అని రాస్తే చదివేవాడు వేరే జంతువును తప్పు పడతాడు.

మీ మిత్రుడి తనుకి

ఆయనా తప్పు చెప్పలేదు. జపాన్‌లో ఈ అక్షరాన్ని తనుకి అనే చదువుతారు. కుక్క కుటుంబానికి చెందిన, కళ్ల చుట్టూ నల్లటి మచ్చలుండే బొద్దు జంతువు అది. షిగరాకి ఊరి కుమ్మరులు చేసే, హోటళ్ల గుమ్మాల్లో గడ్డి టోపీతో నిలబడే బొమ్మ దానిదే. చిరుత పిల్లి జపాన్‌లో త్సుషిమా, ఇరియోమోతే అనే చిన్న దీవుల్లో మాత్రమే ఉంది. పుస్తకాలతో పాటు అక్షరం వచ్చింది, జంతువు ప్రధాన దీవుల్లో లేదు. ఖాళీగా ఉన్న పేరును పొదల్లో తిరిగే స్థానిక జంతువుకు తగిలించారని నా అభిప్రాయం.

ఈ గందరగోళం ఒకసారి కోర్టుకే ఎక్కింది. 1924 ఫిబ్రవరి 29న తోచిగి ప్రాంతంలో ఒక వేటగాడు రెండు జంతువులను గుహలోకి తరిమి రాళ్లతో మూసేశాడు. మార్చి 3న వచ్చి చంపాడు. మార్చి 1 నుంచి తనుకి వేట నిషేధం. కేసు పెడితే, నేను పట్టింది తనుకి కాదు, ముజినా అన్నాడు. శాస్త్రజ్ఞులు రెండూ ఒకటే అన్నారు. 1925 జూన్‌లో అత్యున్నత న్యాయస్థానం అతన్ని విడుదల చేసింది. ఫిబ్రవరి 29నే పట్టినట్టు లెక్క, పైగా జనం తరతరాలుగా ఆ రెంటినీ వేరుగా ఎంచుతున్నప్పుడు అతనికి నేరం చేసే ఉద్దేశం లేదు అంది. ఇందులో కొసమెరుపు ఏమిటంటే, జపాన్‌లో ముజినా అని చదివే అక్షరానికి చైనాలో అర్థం సరిగ్గా తనుకి జంతువే. ఒక జంతువు, రెండు అక్షరాలు, ఇటువి అటూ అటువి ఇటూ.

జపాన్ సామెతలు తెలుగులోకి తెచ్చేటప్పుడు జంతువును వదిలేయడమే మేలు. ‘పట్టని తనుకి తోలుకు లెక్కలు’ అన్నదానికి మనకు ఆలూ లేదు చూలూ లేదు సామెత సిద్ధంగా ఉంది. ‘తనుకి నిద్ర’ అంటే దొంగ నిద్ర.

కొరియాలో మాత్రం అక్షరం పాత అర్థాన్ని అంటిపెట్టుకుంది. అక్కడ దాన్ని ‘సక్ రి’ అని నేర్పుతారు. సక్ అంటే చిరుత పిల్లి.

అయితే మీరు ఏం రాయాలి? హాన్ కాలం దాకా చైనా గ్రంథమైతే అడవి పిల్లి. సోంగ్ కవిత్వంలో, చారల పిల్లుల గురించి చెప్పేటప్పుడు పిల్లి. హూలీ అని జంటగా ఉంటే, ఆధునిక రచనలో నిస్సంకోచంగా నక్క. వైద్య గ్రంథాల్లో పక్కన ఉన్న విశేషణం చూడండి, పరిమళం, పండు, తెల్ల మొహం లాంటివి ఉంటే పునుగు పిల్లి జాతి. నదిని సూచించే మాట ముందుంటే బీవర్, అది మరీ దూరపు చుట్టం. జపాన్ పుస్తకమైతే తనుకి అనే ఉంచి, మొదటిసారి ఒక వాక్యంలో వర్ణించండి.

చివరగా, కుంచెతో సాధన చేస్తున్నానన్నారు కదా. కుడివైపు సగాన్ని పైన పొలం, కింద మట్టి అని రెండు ముక్కలుగా రాయకండి, మొదట నేర్చుకునేవారు చాలామంది అలాగే రాస్తారు. గడి లోపలి అడ్డగీత గీసి, గడి మూశాక, నిలువు గీతను గడి పైనుంచి కిందిదాకా ఒకే ఊపులో దింపాలి. తర్వాత రెండు అడ్డగీతలు, కిందిది పొడవుగా.